అరువు చొక్కా

నాన్న పెట్టె తాళం తీసిన దగ్గర కిందటివారం ఆగాం. మంచం కింద పడి ఉన్న ఆ రేకుపెట్టెను ముప్పై ఏళ్ళు దాటినా ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, శనివారం పొద్దున తనే బయటికి లాగాడు. అడుగునుంచి ఒక ఆకుపచ్చ చొక్కా తీశాడు. దానిమీద బురద ఎండి అట్ట కట్టి ఉంది. బతికున్నన్నాళ్ళూ అమ్మ ఉతుకుతానంటూనే ఉంది, ఆయన ఉతకనివ్వలేదు. "రేపు మన రగ్బీ క్లబ్బులో ఆఖరి విందంట. సోమవారం గోడలు పడగొట్టేస్తారంట. నేను పోయి దీన్ని ఇచ్చేసొస్తాను" అన్నాడు. నా చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది.

ఎందుకంత ఉలిక్కిపడ్డానో, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు చెప్పాలి. మా తుకుమాన్ రాష్ట్రంలో దక్షిణాన ఒకప్పుడు చెరకు మిల్లుకో రగ్బీ జట్టు. అన్నీ కలిపి చెరకు లీగ్. పైసా తీసుకుని ఆడినవాడు ఒక్కడూ లేడు. వారమంతా బాయిలర్ల దగ్గరా తోటల్లోనూ ఒళ్ళు హూనం చేసుకుని, ఆదివారం మైదానంలో ఒకళ్ళనొకళ్ళు హూనం చేసుకునేవాళ్ళు. ఏ జట్టుకూ పదిహేనుమంది నిండుగా దొరికేవాళ్ళు కాదు. ఒకడికి షిఫ్టు, ఒకడి పెళ్ళానికి నొప్పులు, ఇంకొకడికి రాత్రి తాగింది దిగలేదు. అందుకే అరువు పద్ధతి పెట్టుకున్నారు. వచ్చిన జట్టులో మనిషి తక్కువైతే ఊరివాళ్ళు తమవాణ్ణి ఒకణ్ణి ఇస్తారు. వాడు అవతలివాళ్ళ చొక్కా తొడుక్కుని సొంత ఊరి మీదే ఆడతాడు. ఉత్తుత్తిగా కాదు, సొంతవాళ్ళకంటే గట్టిగా ఆడాలి. తన ఊరి గుట్టు వాళ్ళకు చెప్పకూడదు, వాళ్ళ గుట్టు తన ఊరికి మోయకూడదు. ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర తింటాయి. లోకంలో ఆటకు రెండు సగాలే కాని, మాకు అది మూడో సగం. అక్కడ అరువు మనిషి చొక్కా విప్పి, బురదతోనే మడిచి, అవతలి నాయకుడి చేతికిస్తాడు. నాయకుడు అందుకుని పక్క కుర్చీ చూపిస్తాడు. అప్పటికి అరువు తీరినట్టు.

మా నాన్న అన్సెల్మో అరువు తీరలేదు. ఆ ఫైనల్ మా లాస్ తీపాస్‌లో జరిగింది. మాది ఎరుపు, ఏటి అవతలి ఎల్ సెబిల్‌ది ఆకుపచ్చ. తొలకరికి ఏరు పొంగి సెబిల్ వాళ్ళ లారీ ఒకటి అవతలే దిగబడింది. వాళ్ళకు ముందువరస మనిషి లేకపోతే మా కెప్టెన్ ఎరిబెర్తో నాన్నను ఇచ్చాడు. ఎరిబెర్తో నాన్నకు ప్రాణస్నేహితుడు, నా బాప్తిస్మంలో నిలబడిన జ్ఞానతండ్రి. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా, రెండు జట్లూ వంగి తలలు దూర్చి ఎదురెదురుగా తోసుకునే స్క్రమ్ కూలింది. మావాడు ఫెర్మీన్ మెడ విరిగింది. మంచం దిగి మళ్ళీ నడవలేదు. పచ్చ చొక్కా తొడిగిన గంటకే సొంతవాడి మెడ విరిచాడని మావాళ్ళన్నారు. వాడు మీ మనిషి, మాకేం సంబంధమని సెబిల్ వాళ్ళన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు నాన్న. ఆ పూట మూడో సగం జరగలేదు. ఆ తరవాత ఎవడూ ఎవడికీ మనిషిని అరువివ్వలేదు. అరువు లేకపోతే జట్లు నిండవు, జట్లు నిండకపోతే ఆట లేదు. మిల్లులు మూతబడి లీగ్ పోయిందని చెప్పుకుంటారు కాని అబద్ధం. లీగ్ ఆ స్క్రమ్ కిందే చచ్చిపోయింది.

ఆఖరి విందుకు రెండు జట్ల పాతవాళ్ళూ వస్తారు సరే, ఇప్పుడు ఆయన తీసుకెళ్తే మాత్రం ఎవరు అందుకుంటారు? సోమవారం దాటితే అందుకునే బల్ల కూడా ఉండదు. ఆలోచించి ఆలోచించి ఆదివారం పొద్దున్నే మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు వేయించి, గిన్నెలో సర్ది, నాన్నకు చెప్పకుండా ఫెర్మీన్ ఇంటికి బయల్దేరాను. దెబ్బ తిన్నవాడే బల్ల దగ్గర ఒక్కమాట అంటే ఇక ఎవడి నోరు లేస్తుందని నా ఆశ.

తలుపు తీసింది ఆయన చెల్లెలు ఎదెల్మీరా. అన్న కోసం పెళ్ళి మానుకున్న మనిషి. నన్ను చూడగానే నడుం మీద చేతులు పెట్టింది.

"ఎవరింటికొచ్చావో తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చానమ్మా. దారి తప్పడానికి మన ఊరేమన్నా బ్యూనస్ ఎయిర్సా?"

"చేతిలో ఏంటది?"

"ఎంపనాదాలు."

"ఎండుద్రాక్ష వేశావా?"

"అంత గతిలేనిదానిలా కనపడుతున్నానా?"

"బంగాళాదుంప?"

"అయ్యో దేవుడా! తలుపేసుకో తల్లీ, నేనే పోతాను."

మా ఊళ్ళో ఆ రెండూ పడితే అది ఎంపనాదానే కాదు. అప్పుడు పక్కకు తప్పుకుంది. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఫెర్మీన్, విందుకని ఇస్త్రీ చేసిన ఎర్ర చొక్కాలో ఉన్నాడు. గడ్డం అప్పుడే గీసినట్టుంది, గదిలో సబ్బు వాసన. ఆదివారం ఆదివారం ఎరిబెర్తో వచ్చి గడ్డం గీసి పోతాడని ఊరంతా చెప్పుకుంటారు. మా నాన్నను కన్నెత్తి చూడని నా జ్ఞానతండ్రికి ఆ మాత్రం మనసుందని నేనూ ఒప్పుకుంటాను.

"అన్సెల్మో కూతురివి. ఆ మొండి గడ్డమే చెబుతోంది. ఏదో ఒకరోజు వస్తావని చాలా ఏళ్ళు చూశాను. తరవాత చూడ్డం మానేశాను" అన్నాడు.

నేను కూర్చోలేదు. కూర్చుంటే ధైర్యం జారిపోతుంది.

"దోన్ ఫెర్మీన్, మా నాన్న ఇవాళ చొక్కా తిరిగివ్వడానికి వస్తున్నాడు. మీరు ఒక్కమాట అంటే చాలు. స్క్రమ్ కూలుతుందని ఆయనకు తెలీదు, కావాలని చెయ్యలేదు. అంతే. మీరంటే ఎవరూ కాదనరు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "అనలేను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకనలేరు? మా అమ్మ పోతే పెట్టె మొయ్యడానికి ఊళ్ళో నాలుగు భుజాలు రాలేదు. అది తెలుసా మీకు?"

"తెలుసు. ఈ కిటికీలోంచే చూశాను."

"చూసి?"

"అమ్మాయ్, మీ నాన్నకు తెలీదని నేను అనలేను. ఎందుకంటే మీ నాన్నకు తెలుసు."

నా బతుకంతా ఒక్క నమ్మకం మీద నిలబెట్టుకున్నాను, నాన్నకేమీ తెలియదని. బళ్ళో పిల్లలు మెడలు విరిచేవాడి కూతురని ఏడిపించినప్పుడూ, మొగుడు కోపమొచ్చినప్పుడల్లా ఆ మాటే తీసినప్పుడూ, పట్టుకుని వేలాడింది దాన్నే. అది ఈ మనిషి ఒక్కమాటతో లాగేశాడు. గిన్నె చేతిలోంచి జారబోతే ఎదెల్మీరా పట్టుకుంది.

"అవి పళ్ళెంలో పెట్టు. మూడు ఇటు, మూడు అటు, ఎదురెదురుగా" అన్నాడు ఫెర్మీన్.

"తినే వాటితో ఆటలేంట్రా?" అంది చెల్లెలు.

"పెట్టనీ."

పెట్టాను.

"ఇటు నడిమిది నేను. నా చేతులు రెండూ అటొకడి భుజం మీదా ఇటొకడి భుజం మీదా వేసి ఉంటాయి. కూలితే ఆనుకోడానికి నాకు చెయ్యి లేదు. నా ఎడమ పక్కది ఎరిబెర్తో. ఇప్పుడు అవతలివరసలో ఆ చివరిది ముందుకు జరుపు. మా ఇద్దరి తలల నడుమకు దూర్చు. ఇంకొంచెం. ఆఁ. అది మీ నాన్న. ఆయన చెవి నా చెవికి రాసుకుంటోంది."

నేను ఆ ఎంపనాదాను అలాగే చూస్తూ ఉండిపోయాను.

"మేం గెలుస్తున్నాం. ఇంకాసేపు గడిపేస్తే కప్పు మాది. కాని వాళ్ళు తోసుకుంటూ మమ్మల్ని మా గోల్ గీత మీదికి తెచ్చేశారు. అట్లాంటప్పుడు మా జట్టుకు ఒక పిలుపుండేది. 'రొట్టె' అంటే ముందువరసంతా ఒక్కసారిగా మోకాళ్ళు వదిలెయ్యాలి. స్క్రమ్ కూలిపోద్ది. ఎవరు కూల్చారో రిఫరీకి కనపడదు. మళ్ళీ సర్దుకునే లోపు కాలం గడుస్తుంది. దొంగాటే. అందరూ ఆడేదే. ఆ పిలుపు మా ఎర్రచొక్కాల ప్రాణం. పెళ్ళాలకు కూడా చెప్పేవాళ్ళం కాదు. ఆ రోజు అది తెలిసిన పచ్చచొక్కా ఒక్కటే."

"నాన్న."

"మీ నాన్న. నా ఎడమ చెవిలో పిలుపు పడింది. ఎరిబెర్తో పిలిచాడు. మోకాళ్ళు వదిలాం. అన్సెల్మో కూడా వదుల్తాడనుకున్నాం. మనవాడేగా, విన్నాడుగా అని. అదమ్మా మా తెలివి! మనిషిని అరువిచ్చి, మనసు మాత్రం మా దగ్గరే ఉందనుకున్నాం. ఆయన వదల్లేదు. వాళ్ళ చొక్కాలో ఉండి మా గుట్టు వాడుకోకూడదు. వాళ్ళకు చెప్పనూ కూడదు. అందుకని అసలు వినని మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు, ముందుకు తోశాడు. నేను కిందికి, ఆయన ముందుకు. మధ్యలో నా మెడ."

వీధిలో ఎవరో నారింజపండ్లు అమ్ముకుంటూ పోతున్నారు. ఆ అరుపు పోయిందాకా ఆగి అడిగాను.

"ఇన్నేళ్ళూ నోరెందుకు మూసుకున్నారు?"

"స్క్రమ్‌లో జరిగింది స్క్రమ్ దాటకూడదు. ముందువరస నీతి అది." తలొంచుకున్నాడు. "అదొక్కటే అంటే అబద్ధం. పిలిచింది ఎరిబెర్తో అని చెబితే వాడి బతుకేంటి? వాడు నా స్నేహితుడు. మీ నాన్న ఎట్లాగూ నోరు విప్పడు. నోరు విప్పనివాడి నెత్తిన పెట్టడం తేలిక."

చక్రాల కుర్చీ అని కూడా చూడకుండా చెంప పగలగొట్టాలనిపించింది. పైకెత్తిన చెయ్యి నాకే కనపడింది. నేను కొట్టేలోపే గదిలో పళ్ళెం ఎగిరిపడినంత చప్పుడైంది. ఎదెల్మీరా బల్ల మీద గుద్దింది.

"ఎరిబెర్తోనా? వారం వారం ఈ ఇంట్లో నా చేతి కాఫీ తాగి, నీ గడ్డం గీసి పోయే ఎరిబెర్తోనా? పొద్దున కూడా వచ్చాడు కదరా! నేను తువ్వాలు అందించాను కదరా!" ఆమెకూ తెలియదని అప్పుడర్థమైంది. అన్న మంచం పక్కనే ముసలిదైపోయింది, ఆ మంచానికి కారణమేమిటో తెలియకుండా.

తువ్వాలు తీసి మూలకు విసిరికొట్టి, కుర్చీ పిడులు పట్టుకుంది. "పద. ఇక్కడ చెప్పింది అక్కడ చెబుదువుగాని."

"ఎదెల్మీరా, నేను..."

"నోర్ముయ్. జీవితంలో మొదటిసారి నువ్వెళ్ళాల్సిన చోటికి నేను తోస్తున్నాను."

క్లబ్బు ముందు మాంసం కాలుతున్న పొగ రోడ్డు దాకా వస్తోంది. లోపల పొడుగు బల్ల. ఒకవైపు ఎర్రచొక్కాల ముసలివాళ్ళు, ఒకవైపు పచ్చచొక్కాల ముసలివాళ్ళు. చొక్కాలు ఏ పొట్ట మీదా దిగడం లేదు. నవ్వులు లేవు. ఎందుకో గుమ్మం దగ్గరే తెలిసింది. నాన్న అక్కడ నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకునే బూట్లు వేసుకుని, తల దువ్వుకుని, మడిచిన చొక్కా రెండు చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు. ఎంతసేపట్నించి అలా నిలబెట్టారో! రా అన్నవాడు లేడు, కూర్చో అన్నవాడు లేడు. సెబిల్ నాయకుడు పోర్ఫీరియో పళ్ళెంలోకి చూస్తూ కోసిన ముక్కనే మళ్ళీ కోస్తున్నాడు.

బల్ల మొదట్లో కూర్చున్న ఎరిబెర్తో లేచాడు. "అన్సెల్మో, ఇవాళొద్దు. అందరం పెద్దవాళ్ళమైపోయాం. అందర్నీ మంచిగా తిని పోనీ. ఇంటికెళ్ళు."

నేను నోరు తెరిచేలోపే నా పక్కనుంచి ఫెర్మీన్ అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"రొట్టె."

ఎర్రచొక్కాల చేతుల్లో ఫోర్కులు ఆగిపోయాయి. ఒక్కడూ తలెత్తలేదు. పచ్చచొక్కాలకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. పాపం పోర్ఫీరియో, తన ముందున్న రొట్టెల బుట్ట తీసి ఫెర్మీన్ వైపు జరిపాడు.

"ఇదిగో ఫెర్మీన్, వేడిగా ఉన్నాయి, తీసుకో."

ఆ బుట్ట చూసి ఎర్రచొక్కాల్లో ఒకాయన చేతుల్లో మొహం దాచుకున్నాడు. తన ఇంట్లో పళ్ళెం ముందు చెప్పినట్టే ఫెర్మీన్ మొత్తం చెప్పాడు. మా పిలుపు, కూలడం, వినీ విననట్టు తోసిన అరువు మనిషి. ఎవరూ అడ్డు రాలేదు. మాంసం మాడుతున్నా లేచినవాడు లేడు.

చెప్పడం అయ్యాక పోర్ఫీరియో లేచాడు. మొహం పాలిపోయింది. "అంటే మా చొక్కా కోసం..." అని ఆగి, నాన్నకేసి తిరిగాడు. "నువ్వు విన్నావా, అన్సెల్మో?"

"నేనేం వినలేదు" అన్నాడు నాన్న.

ఇంకేమంటాడు? ఈ రోజుక్కూడా తన ఊరి గుట్టు అవతలివాళ్ళకు చెప్పడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పోర్ఫీరియోకు కూడా కళ్ళు నిండాయి. తన పక్క కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి లాగి, చొక్కా కోసం చెయ్యి చాపాడు. అమ్మా, నువ్వు చూడాల్సింది ఇది అనుకున్నాను. నాన్న అడుగు ముందుకేశాడు.

"ఆగండి."

ఎరిబెర్తో. బల్ల అంచు పట్టుకుని ఊగుతున్నాడు. కళ్ళు ఫెర్మీన్ మీదే ఉన్నాయి.

"ఒరేయ్ ఫెర్మీన్, నేను పిలవలేదురా."

"ఇప్పుడు కూడానా?" అని ఎదెల్మీరా ఆయన మీదికి పోబోయింది.

"నా తల్లి మీద ఒట్టు, నేను పిలవలేదు! నా కుడి చెవిలో పడింది ఆ మాట. నా కుడి పక్క ఉంది నువ్వు. నువ్వే పిలిచావనుకున్నాను. నీ మెడ నువ్వే విరుచుకున్నావని నీకు ఎక్కడ గుర్తొస్తుందోనని భయపడి, ఇన్నేళ్ళూ ఆ మాట ఎత్తకుండా నీ గడ్డం గీశాన్రా!"

ఒకడు స్నేహితుడి కోసం, స్నేహితుడు వాడి కోసం, ఇద్దరూ దాచింది జరగనే లేదు. బల్ల చుట్టూ ఒక్కొక్కడూ లెక్క కట్టుకుంటున్నారు. నేను లెక్క కట్టనక్కర్లేదు. ఫెర్మీన్‌కు ఎడమ చెవిలో, ఎరిబెర్తోకు కుడి చెవిలో. ఆ రెండు చెవుల నడుమ ఉన్నది, పొద్దున నా చేత్తో నేనే దూర్చిపెట్టిన ఎంపనాదా ఒక్కటే.

అందరి తలలూ నాన్న వైపు తిరిగాయి. ఆయన కదల్లేదు. చేతులు చాపి చొక్కా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"తీసుకో పోర్ఫీరియో" అన్నాడు. ఆ గొంతులో నేనెప్పుడూ వినని తొందర. "ఇది నా చేతిలో ఉన్నంతసేపూ నేను అరువు మనిషినే. అరువు మనిషి నోరు విప్పకూడదు. ముందు ఇది తీసుకో. తీసుకుంటే చెబుతాను."

పోర్ఫీరియో చెయ్యి చొక్కాకు బెత్తెడు దూరంలో ఉంది. నా చిన్నప్పట్నించీ నేను దేవుణ్ణి అడిగింది ఆ బెత్తెడు దూరం దాటించమనే. కాని అది దాటితే నాన్న నోరు విప్పుతాడు.

"వద్దు! తీసుకోవద్దు!"

ఎవరిదా కేక అని అందరూ వెనక్కి తిరిగారు. నాదే.